బీవర్ – బభ్రువు: చుట్టరికం ఎంతవరకు?

సందేహం: షేక్స్పియర్ హామ్లెట్ నాటకంలో ప్రేతం ‘బీవర్’ పైకెత్తుకొని ఉన్నదని హామ్లెట్ మిత్రుడు హొరేషియో చెబుతాడు. నిఘంటువు చూస్తే బీవర్ అంటే నీళ్లలో తిరిగే జంతువని ఉంది. ఈ రెండూ ఒకే మాటా? సంస్కృతంలోని ‘బభ్రు’ శబ్దానికీ దీనికీ బంధుత్వం ఉందని విన్నాను, నిజమేనా? తెలుగులో ఈ జంతువును ‘నీటికుక్క’ అనవచ్చునా?

సమాధానం: అవి రెండు వేరువేరు మాటలు. వర్ణక్రమం కలిసిపోవడంతో ఒకటిగా కనిపిస్తున్నాయి. నాటకంలోని బీవర్ యోధుడి శిరస్త్రాణానికి ముందువైపు ముఖాన్ని కాపాడే భాగం. పాత ఫ్రెంచిలో ‘బావ్’ అంటే చొంగ. పసిపిల్లల మెడకు కట్టే చొంగగుడ్డకు దాని మీదనే ‘బావియేర్’ అనే పేరు వచ్చింది. గడ్డం కింద అమరే ఇనుప రేకు చూడటానికి ఆ గుడ్డలాగే ఉంటుంది కనుక ఆ పేరే దానికీ చెల్లింది. వీరుడి కవచానికి చొంగగుడ్డ పేరు పెట్టినవారి హాస్యాన్ని మెచ్చుకోవలసిందే!

ఇక జంతువు సంగతి. దీనికి పాత ఇంగ్లీషులో ‘బెయోఫోర్’, జర్మనులో ‘బీబర్’, లిథుయేనియనులో ‘బెబ్రస్’, రష్యనులో ‘బొబ్ర్’, లాటినులో ‘ఫిబెర్’ అని పేర్లు. వీటి సరసన సంస్కృత ‘బభ్రు’ శబ్దాన్ని పెట్టగానే పోలిక తెలుస్తుంది గాని, పోలిక ఒక్కటే రుజువు కాదు. ధ్వనులు నియమం ప్రకారం సరిపోవాలి. సంస్కృత పదాదిలోని ‘భ’కారానికి ఇంగ్లీషులో ‘బ’కారం, లాటినులో ‘ఫ’కారం వస్తాయి: భ్రాతృ, బ్రదర్, ఫ్రాటెర్. మరి బభ్రు శబ్దానికి మొదట ‘భ’ లేదే అని మీరు అడగవచ్చు. వరుసగా రెండు అక్షరాలలో మహాప్రాణాలు (భ, ధ వంటి ఒత్తి పలికే హల్లులు) వస్తే సంస్కృతం మొదటిదాన్ని అల్పప్రాణం (బ, ద వంటిది) చేస్తుంది. ‘భూ’ ధాతువుకు ద్విత్వం వచ్చినప్పుడు ‘భభూవ’ కాక ‘బభూవ’ అయినది ఈ నియమం వల్లనే. బభ్రు కూడా అలాగే ‘భభ్రు’ వంటి రూపం నుంచి వచ్చినది. కాబట్టి మీరు విన్న చుట్టరికం నిజమే.

అయితే చుట్టరికం వేరు, అర్థం వేరు. ఈ మాటల మూలార్థం గోధుమవన్నె. ఇంగ్లీషు ‘బ్రౌన్’ కూడా ఆ ధాతువు నుంచి పుట్టినదే. బభ్రు శబ్దానికి ఋగ్వేదంలో ప్రధానంగా ఆ రంగే అర్థం. జూదరి గోడు వినిపించే అక్షసూక్తంలో పాచికలనే ‘బభ్రువులు’ అన్నారు. భారతదేశంలో బీవర్లు లేవు కనుక ఆ పేరు అదే వన్నె గల ముంగిసకు స్థిరపడింది. అమరకోశం కూడా ఈ శబ్దానికి ముంగిస, పింగళవర్ణం అనే అర్థాలను చెబుతున్నది. అర్జునుడి కొడుకు బభ్రువాహనుడి పేరులో ఉన్నదీ ఈ బభ్రువే. సంస్కృతానికి తోబుట్టువైన అవెస్తా భాషలో మాత్రం ‘బవ్రి’ అంటే బీవరే. అనాహిత దేవత ఆ తోలు వస్త్రం ధరిస్తుందని ఆ భాషలో ఆమె స్తోత్రమైన ఆబాన్ యష్త్ వర్ణిస్తుంది. ఒకే మాట ఒకచోట జంతువును, మరొకచోట రంగును అంటిపెట్టుకుందన్నమాట.

ఇంగ్లీషులో ఈ జంతువు పేరు మరికొన్ని అర్థాలకు పాకింది. దాని మెత్తని లోపలి బొచ్చుతో చేసిన టోపీనీ బీవర్ అన్నారు. కొమ్మలు, మట్టి పోగుచేసి వాగులకు అడ్డంగా ఆనకట్టలు కట్టే అలవాటును బట్టి, తలెత్తకుండా పనిచేయడం అనే క్రియార్థమూ వచ్చింది. వాడుకలో ఒక అశ్లీలార్థం కూడా ఉన్నది గనుక అనువాదకులు సందర్భం చూసుకోవాలి. శాస్త్రనామాలలోని ‘కాస్టర్’ మాత్రం గ్రీకు నుంచి వచ్చిన వేరే పదం. 1758లో ప్రకృతి శాస్త్రవేత్త లిన్నేయస్ యూరప్ బీవరుకు ‘కాస్టర్ ఫిబెర్’ అని పేరు పెట్టి, గ్రీకు, లాటిను పేర్లను పక్కపక్కన నిలిపాడు.

తెలుగులో ‘నీటికుక్క’ అనడం పొరపాటు. ఆ పేరు చేపలను పట్టి తినే ఆటర్ అనే జంతువుది. బీవర్ ఎలుకల వర్గానికి చెందినది, పళ్లతో చెట్లను కొరికి పడగొడుతుంది, చేపల జోలికి పోదు. బంధుత్వం ఉన్నది కదా అని ‘బభ్రువు’ అంటే పాఠకుడికి ముంగిస తోస్తుంది. అందుచేత ‘బీవర్’ అనే ఉంచి, మొదటిసారి వాడినప్పుడు ఒక విశేషణంతో పరిచయం చేస్తే చాలు. మీ నాటక వాక్యానికి మాత్రం ఆ మాటే అక్కరలేదు: ‘ముఖత్రాణం పైకెత్తి ఉన్నది ప్రభూ’ అంటే, ప్రేతం ముఖం ఎలా కనిపించిందో హామ్లెట్‌కూ, ప్రేక్షకులకూ తెలిసిపోతుంది.