బయోఇన్ఫర్మాటిక్స్ అంటే ఏమిటి? జువాలజీ విద్యార్థి నేర్చుకోగలరా?

మీరు తిరుపతిలో బీఎస్సీ జువాలజీ చదువుతున్నానన్నారు కాబట్టి, మన చిత్తూరు ప్రాంతపు పుంగనూరు ఆవుతోనే చెబుతాను. జీవుల జన్యు సమాచారం వంటి వాటిని కంప్యూటర్, గణాంకాల సాయంతో విశ్లేషించడమే బయోఇన్ఫర్మాటిక్స్.

ఆవు జీనోమ్ అంటే, అంటే దాని మొత్తం డీఎన్‌ఏ, ఎ, టి, జి, సి అనే నాలుగే అక్షరాలతో దాదాపు 270 కోట్ల అక్షరాల పొడవున్న రాత. దాన్ని ఏ యంత్రమూ మొదటి నుంచి చివరి దాకా ఏకబిగిన చదవలేదు. డీఎన్‌ఏను చదవడానికి ఎక్కువగా వాడే ఇల్యుమినా కంపెనీ యంత్రాలు సుమారు 150 అక్షరాల చొప్పున కోట్లాది ముక్కలు ఇస్తాయి. ఏ ముక్క ఎక్కడిదో కంప్యూటరే వెతకాలి. హెర్‌ఫర్డ్ జాతి ఆవు జన్యుక్రమం 2009లో ప్రచురితమైంది. కొత్త ముక్కలను అలాంటి ప్రామాణిక క్రమంతో సరిపోల్చి తేడాలను గుర్తిస్తారు.

అసలు కష్టం ఆ తర్వాతే. లక్షల తేడాలు బయటపడతాయి. వాటిలో చాలావాటికి చెప్పుకోదగ్గ ప్రభావం ఉండదు, కొన్ని యంత్రం తప్పుగా చదివినవి. పుంగనూరు ఆవు పొట్టిదనానికి కారణమేదో తేల్చాలంటే ఎన్నో ఆవులను ఇతర జాతులతో పోల్చాలి. పశువుల ఎత్తుతో సంబంధమున్న ప్లాగ్1 జన్యువు దగ్గర వెతుకులాట మొదలుపెట్టవచ్చు. ఇక్కడ గణాంకశాస్త్రం తప్పనిసరి. కోడింగ్ కన్నా ముందు దాన్నే నేర్చుకోమంటాను.

కోడింగ్‌కు పైథాన్ లేదా ఆర్, కాస్త లినక్స్ వస్తే మొదలుపెట్టవచ్చు. అమెరికా ప్రభుత్వ సంస్థ ఎన్‌సీబీఐ నడిపే జన్యు సమాచార నిధి అందరికీ ఉచితం. ఈరోజే అందులో జన్యుక్రమాలను పోల్చి వెతికే బ్లాస్ట్ అనే సాధనం తెరిచి, ఏదైనా జన్యుక్రమం ఇచ్చి, అది ఏయే జీవులతో పోలుతుందో చూడండి. ఫలితంలో ఈ-వాల్యూ అనే సంఖ్య ఎంత చిన్నదైతే, ఆ పోలిక కాకతాళీయమయ్యే అవకాశం అంత తక్కువ.