ట్రెజరర్‌వయ్యావట కదా!

అమ్మడూ,

నువ్వు మీ ఉద్యోగుల అసోసియేషన్ ట్రెజరర్‌గా ఒప్పుకున్నావని మీ అమ్మ ఫోన్ చేసింది. "అచ్చం నీ పోలికే" అని దెప్పింది కూడా. ఆ మాటకి పొంగిపోయాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. ప్రెసిడెంట్‌వి అయ్యావన్నా ఇంత టెన్షన్ పడేవాణ్ణి కాదు. మైకు పట్టుకున్నవాడు నోరు జారితే నాలుగు రోజుల్లో మర్చిపోతారు. డబ్బు పట్టుకున్నవాడి లెక్కలో చిల్లర తేడా వస్తే, రిటైరయ్యాక కూడా చెప్పుకుంటారు.

రశీదు లేకుండా పైసా ముట్టుకోకు. సంఘం డబ్బు నీ పర్సులో పెట్టకు. ఆడిట్ చేసిన లెక్కలు ఏటా జూలై 1 లోపు ప్రభుత్వానికి పంపాలి. ఎన్నికలప్పుడు ఎవరైనా "మన పార్టీకి కొంత" అంటూ వస్తే కుదరదని చెప్పు. కేంద్ర ఉద్యోగుల సంఘాలు రాజకీయ నిధి పెట్టుకోకూడదని 1993 నాటి సంఘాల గుర్తింపు రూల్సులోనే ఉంది. ఇవన్నీ నీకు తెలిసినవే.

నా భయం వేరు. సంఘానికి ప్రభుత్వ గుర్తింపు కావాలంటే ఆ కేటగిరీ ఉద్యోగుల్లో మామూలుగా 35 శాతం మంది మెంబర్లుండాలని అదే రూల్సు చెబుతాయి. ఆ లెక్క తేల్చేది మీటింగుకొచ్చిన జనాన్ని చూసి కాదు, జీతాల బిల్లులో చందా కటింగ్ చూసి. ఉద్యోగి రాసిస్తేనే డీడీఓ, అంటే జీతాల బిల్లు చూసే ఆఫీసరు, చందా కోస్తారు. ఒక్కో సంతకానికి అంత విలువ ఉందని తెలిశాక ఎవర్నీ వదులుకోబుద్ధి కాదు. నేను బోల్తాపడింది అక్కడే.

మెంబర్ల లెక్క వెరిఫికేషన్ జరగాల్సిన ఏడు, మా సెక్షన్‌లో ఒకావిడ చందా ఆపేయమని రాసి నా చేతికిచ్చింది. నాలుగే లైన్లు. తన బదిలీ గొడవ సంఘం పట్టించుకోలేదని కోపం. ఒక్కరి సర్వీసు కేసు సంఘం ఎత్తుకోకూడదని రూలు. అది కూర్చోబెట్టి చెప్పే ఓపిక కూడా నాకు లేకపోయింది. డీడీఓకి పంపిస్తానని, ఆ కాగితం మడిచి రశీదు పుస్తకం అట్టలో దోపాను. మా లెక్క అంచు మీదుంది మరి! ఈలోగా ఆవిడ కోపం చల్లారుతుందనుకున్నాను.

ఐదు నెలలు కోత పడింది. ఆరో నెల ఆవిడ పే స్లిప్ తెచ్చి నా బల్ల మీద పెట్టి, చందా ఉన్న లైను కింద గోటితో గీత గీసింది. ఒక్క మాట అనలేదు. నేను అట్టలోంచి కాగితం బయటికి తీస్తుంటే చూస్తూ నిలబడింది. ఆ ఐదు నెలల చందా నా జేబులోంచే ఇచ్చాను. లెక్కపెట్టుకుని, "రశీదు రాసివ్వమంటారా?" అని అడిగింది. గుర్తింపొచ్చింది, దండలేశారు. ఆవిడ కూర్చున్న వైపు చూడలేకపోయాను.

అమెరికాలో 2018లో, ప్రభుత్వ ఉద్యోగి స్పష్టంగా ఒప్పుకోకుండా యూనియన్ ఫీజు కోయకూడదని జానస్ కేసులో సుప్రీంకోర్టు 5-4తో తీర్పిచ్చింది. చందా కట్టనివాడికీ యూనియన్ సాధించినవి దక్కుతాయి కదా, ఆ తీర్పు నాకు నచ్చలేదు. అయినా చదువుతున్నంతసేపూ ఆ గోటి గీతే కళ్ళ ముందుంది.

అందుకని, ఎవరైనా మానేస్తామని కాగితమిస్తే ఆ రోజే డీడీఓకి పంపు. ఎందుకు మానేస్తున్నారని ఆ తర్వాత అడుగు, ముందు కాదు. నీ మొదటి ఏడాది వోచర్లు ఒకసారి నాకు చూపించు. కళ్ళజోడు మార్పించుకున్నానులే, అంకెలు బాగానే కనిపిస్తున్నాయి.

నీ పెదనాన్న