పాత మాంగనీస్ డంపుల్ని అయస్కాంతంతో శుద్ధి చేయొచ్చా?

విజయనగరం జిల్లా గరివిడి దగ్గరి పాత మాంగనీస్ గని డంపులో (పనికిరాదని పోసిన రాళ్ల గుట్టలో) నల్లరాళ్లకు స్పీకర్ అయస్కాంతం పెడితే ఒక్కటీ అంటుకోలేదన్నారు. మరి మాగ్నెటిక్ సెపరేటర్‌తో మాంగనీస్ వేరవుతుందన్న మాట నమ్మొచ్చా అని అడిగారు. నమ్మొచ్చు, కానీ సగమే. ఆ చుట్టుపక్కలే ఖనిజాల శుద్ధి ల్యాబులో పనిచేశాను కాబట్టి నేను చూసింది చెబుతాను.

మాంగనీస్ ఉండే నల్ల ఖనిజాలైన పైరోలూసైట్, సైలోమెలేన్‌లకు అయస్కాంత ఆకర్షణ ఉంది, కాకపోతే చాలా తక్కువ. స్పీకర్ అయస్కాంతం సరిపోదు, దాదాపు 10,000 గాస్ (అయస్కాంత బలానికి కొలత) కావాలి. నియోడిమియం అనే బలమైన అయస్కాంతంతో చేసిన రోల్ మీద పలచటి బెల్టు వేసి, డంపు రాళ్లను నలగ్గొట్టి బాగా ఆరబెట్టిన ఇసుకను ఒకే పొరగా వదులుతారు. అయస్కాంతానికి అంటని పలుగురాయి, ఫెల్‌స్పార్ అనే లేతరంగు రాతి గింజలు ముందుకు ఎగిరిపడతాయి, నల్ల గింజలు రోల్‌ని పట్టుకుని కిందికి తిరిగి వేరే తొట్టిలో పడతాయి. వందేళ్లుగా చెత్త అనుకున్నదాంట్లోంచి సరుకు అలా విడిపోతుంటే చూడటం నాకు ఇప్పటికీ ఇష్టం. మీ డంపులో ఎక్కడైనా మామూలు అయస్కాంతానికే అంటుకునే ముక్కలు దొరికితే అవి బలంగా ఆకర్షించే ఇనుప ఖనిజాలు, జాకబ్‌సైట్ గానీ మాగ్నటైట్ గానీ అయి ఉంటాయి. వాటిని ముందే తక్కువ బలమున్న అయస్కాంత డ్రమ్ముతో తీసేయాలి, లేకపోతే రోల్‌కి పేరుకుపోతాయి.

అసలు చిక్కు గార్నెట్ అనే ఖనిజంతో. గరివిడి దగ్గరి కోడూరులో 1890లలోనే తవ్వకం మొదలైంది. అక్కడి కోడురైట్ రాయిలో ఫెల్‌స్పార్, మాంగనీస్ గార్నెట్, అపటైట్ (ఫాస్ఫరస్ ఉండే ఖనిజం) కలిసే ఉంటాయి. గార్నెట్ కూడా ఆ రోల్‌కి అంటుకుంటుంది. స్వచ్ఛమైన స్పెస్సార్టైన్ గార్నెట్‌లో మాంగనీస్ 33 శాతం దాకా ఉంటుంది, సిలికా 36 శాతం ఉంటుంది. గార్నెట్ కలిసినా మాంగనీస్ శాతం బాగానే కనిపిస్తుంది, అందుకే ల్యాబు రిపోర్టులో అదొక్కటే చూసి సంబరపడొద్దు, సిలికా, ఫాస్ఫరస్ తప్పకుండా అడగండి. బరువులోనూ గార్నెట్, మాంగనీస్ ఆక్సైడ్లు దగ్గరదగ్గరగానే ఉంటాయి కాబట్టి జిగ్గింగ్‌తో (నీళ్లలో ఊపి బరువును బట్టి వేరు చేసే పద్ధతితో) కూడా తేలిగ్గా విడిపోవు.

ఫాస్ఫరస్ సంగతి ఇంకా కష్టం. విడిగా ఉన్న అపటైట్ గింజలు పలుగురాయితో పాటు పోతాయి. మాంగనీస్ ఆక్సైడ్ లోపలే ఇరుక్కున్న ఫాస్ఫరస్‌ని ఏ అయస్కాంతమూ తీయలేదు. మన జిల్లా ముడి ఖనిజానికి ఎప్పటినుంచో ఉన్న ఇబ్బంది ఇది. ఈ ఖనిజాన్ని కొని ఉక్కు తయారీకి వాడే మిశ్రమలోహాలు కరిగించే ఫెర్రో అల్లాయ్ ఫర్నేసుల వాళ్లు ముందుగా అడిగేదీ ఇదే.

కాబట్టి మెషిన్ కొటేషన్ కంటే ముందు శాంపిల్ తీయండి. డంపు పైపొర వాన నీళ్లకు కడిగేసి ఉంటుంది, అది నమూనాకు పనికిరాదు. నాలుగు వైపులా గోతులు తీసి, లోపలి మట్టిని కలిపి కుప్పపోసి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు తీసుకోవాలి. మళ్లీ కలిపి అలాగే తగ్గించుకుంటూ రండి. జల్లెడ పట్టి ఒక్కో సైజునీ విడిగా పరీక్ష చేయించండి. కొంత పొడిని పళ్లెంలో నీళ్లతో కడిగి భూతద్దంతో చూడండి. నల్ల గింజకు తెల్ల పలుగు అతుక్కునే ఉంటే ఇంకా నలగ్గొట్టాలన్నమాట. మరీ మెత్తగా చేస్తే పొడి రోల్ మీద ధూళి అవుతుంది, అప్పుడు నీళ్లతో నడిచే హై ఇంటెన్సిటీ సెపరేటర్ కావాలి, ఆ బురదని నిలవ చేయడానికి చెరువూ కావాలి.

ఇంకోటి, గని మూతపడినంత మాత్రాన ఆ డంపు ఎవరు పడితే వాళ్లు తీసుకెళ్లేది కాదు. లీజు ఎవరిదో గనుల శాఖ ఆఫీసులో కనుక్కున్నాకే ముందుకెళ్లండి. పనివాళ్లకు మంచి మాస్కులు ఇవ్వండి, మాంగనీస్ ధూళి ఏళ్ల తరబడి పీలిస్తే నరాల మీద పడుతుంది.