సోలారిస్ సగంలో ఆగిపోతే

కథ కదలట్లేదు, సోలారిస్ నవల సగంలో ఆపేశా అన్నారు కదండీ, బహుశా ఆ లైబ్రరీ చాప్టర్ దగ్గరే ఆగుంటారు, సోలారిస్ గ్రహాన్ని కప్పేసిన ఆ ప్రాణమున్న సముద్రం గురించి సైంటిస్టులు తరతరాలుగా చెప్పిన థియరీలన్నీ వరసపెట్టి వస్తాయి. దాన్ని స్కిప్ చెయ్యకండి ప్లీజ్, పోలిష్ రచయిత స్తానిస్లావ్ లెమ్ 1961లో రాసిన ఆ నవలకి ప్రాణమే అది. సముద్రం పైకి లేపే ఆకారాలకి మిమాయిడ్లు, సిమ్మెట్రియాడ్లు అని పేర్లు పెట్టారు, కొలతలు తీశారు, అయినా దాని మనసులో ఏముందో ఒక్క ముక్క అంతుపట్టలేదు! తర్వాతేంటి అని కాకుండా, మనిషి కానిదాన్ని మనిషి అర్థం చేసుకోగలడా అన్న ప్రశ్న పట్టుకుని చదవండి. అప్పటికీ బరువనిపిస్తే ముందు సైన్స్ ఫిక్షన్ రచయిత ఐజాక్ అసిమోవ్ రాసిన ది లాస్ట్ క్వశ్చన్ చదవండి, 1956 నాటి చిన్న కథ, పాత్రలు యుగయుగానికీ మారిపోతాయి గానీ ఎంట్రపీని, అంటే విశ్వంలో శక్తి చెదిరిపోయి పనికిరాకుండా పోవడాన్ని, వెనక్కి తిప్పగలమా అన్న ప్రశ్న మాత్రం అలాగే ఉంటుంది.