వెళ్లేదా, వెళ్తుంటుందా?

బిడ్డా,

నీ ఇంగ్లిష్ కథ రెండుసార్లు చదివాను. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాల మధ్య మీ నానమ్మను కూర్చోబెట్టిన తీరు బాగుంది. కానీ మొదటి పేరాలోనే 'మై గ్రాండ్‌మదర్ యూజ్డ్ టు గో టు ద మార్కెట్' అని చూసి, అయ్యో, ముసలామె పోయిందా అనుకున్నాను. తీరా చివరి పేజీలో ఆమే బస్తా మీద కూర్చుని చాయ్ తాగుతోంది!

ఈ తప్పు నేనూ చేశాను. వయసులో ఉన్నప్పుడు ఒక పత్రికకు కథ పంపుతూ, రోజూ రాస్తుంటానని చెప్పబోయి 'ఐ యూజ్డ్ టు రైట్ ఎవ్రీ డే' అన్నాను. కథ తిరిగొచ్చింది. దాని మీద ఎర్ర సిరాతో ఒకటే ప్రశ్న: ఎందుకు మానేశారు?

రాసే ముందు వాక్యాన్ని తెలుగులో అనుకో. 'వెళ్లేది' అని వస్తేనే యూజ్డ్ టు. ఆ పని ఇప్పుడు లేదని అర్థం. ఆజంజాహి మిల్లు సైరన్ మోగేది అంటాం కదా. 1934లో పెట్టిన ఆ మిల్లు మూతపడింది, సైరనూ ఆగిపోయింది. అక్కడ ఆ మాట సరిగ్గా అతుకుతుంది. 'వెళ్తుంటుంది' అని వస్తే దాని జోలికి పోకు, 'షి గోస్' చాలు. కావాలంటే మధ్యలో 'యూజువల్లీ' పెట్టుకో.

'అలవాటే' అన్నది మళ్లీ వేరు. మిర్చి ఘాటు నానమ్మకు అలవాటే: 'షి ఈజ్ యూజ్డ్ టు ద స్మెల్'. 'ఈజ్' చేరేసరికి అర్థమే మారింది చూడు. ఆ తర్వాత క్రియ వస్తే ఐఎన్‌జీ తప్పదు, 'షి ఈజ్ యూజ్డ్ టు వెయిటింగ్' అనాలి. మూడో పేజీలో నువ్వు 'వెయిట్' అని వదిలేశావు.

మాట్లాడేటప్పుడు డి, టి కలిసిపోయి 'యూస్టు' అని వినిపిస్తుంది కాబట్టి రాసేటప్పుడు డి ఎగిరిపోతుంది. కాగితం మీద అది ఉండాల్సిందే. ముందు 'డిడ్ నాట్' వస్తే మాత్రం తీసెయ్. నాకైతే ఆ రూపం కంటికి ఆనదు, 'నెవర్ యూజ్డ్ టు' అని తప్పించుకుంటాను.

కాజీపేటలో ఐదేళ్లున్నాం అనడానికీ యూజ్డ్ టు వాడావు. ఎన్నేళ్లో లెక్క చెప్పాక 'వి లివ్డ్' అనే రాయాలి.

ఇంకొకటి, పేరా నిండా యూజ్డ్ టు పోస్తే విసుగొస్తుంది. మొదటిసారి వాడి కాలం తెలిపాక 'షి వుడ్ వేక్ అప్ అట్ ఫోర్' అని నడిపించు. అదీ చేసే పనులకే. అక్కడ మిల్లుండేది అనడానికి 'వుడ్' పనికిరాదు, 'దేర్ యూజ్డ్ టు బి ఎ మిల్' అనాల్సిందే.

చాయ్ తాగే ఆ చివరి పేజీని మాత్రం ముట్టుకోకు. మిగతాది దిద్ది, ఈసారి హన్మకొండ వచ్చినప్పుడు పట్టుకురా.

మీ సారు