పంటి ఇంజెక్షన్‌తో చూపు పోయి వస్తే కేసు నిలుస్తుందా?

ప్రశ్న: మాది విశాఖలోని గాజువాక. పై దవడ జ్ఞానదంతం తీయడానికి మత్తు ఇంజెక్షన్ ఇచ్చిన కాసేపటికే నా భార్యకు కుడి కన్ను కనబడలేదు. ‘తగ్గిపోతుంది’ అంటూ డాక్టరు పన్ను తీసి పంపించేశారు. సాయంత్రానికి చూపు వచ్చింది. మర్నాడు కంటి డాక్టరు లోపమేమీ లేదన్నారు. మేము సంతకం చేసిన అంగీకార పత్రంలో చూపు ప్రస్తావనే లేదు. ఇప్పుడు ఫీజు తిరిగి ఇస్తామని, ఒక కాగితం మీద సంతకం పెట్టమని అడుగుతున్నారు. కేసు వేయవచ్చా?

జవాబు: వేయవచ్చు. కానీ చూపు పోయిందన్న ఒక్క కారణంతో గెలవలేరు. మందు రక్తనాళంలోకి వెళ్లినా, కంటిగూటి వైపు పాకినా ఇలా జరుగుతుందని వైద్య గ్రంథాల్లోనే ఉంది. చాలా అరుదు. మత్తు దిగేసరికి సాధారణంగా చూపు వచ్చేస్తుంది. సూది గుచ్చాక పిస్టన్ కొద్దిగా వెనక్కి లాగి, రక్తం వస్తుందేమో చూసి మందు ఎక్కించాలి. ఆ జాగ్రత్త తీసుకున్నా ఒక్కోసారి తప్పదు.

అంగీకార పత్రం మీద ఆశ పెట్టుకోకండి. అతి అరుదైన ప్రమాదాలన్నీ ముందే చెప్పనక్కర్లేదని సమీరా కోహ్లీ కేసులో (2008) సుప్రీంకోర్టు చెప్పింది.

మీ బలం చూపు పోయిన తర్వాతి గంటలో ఉంది. కన్ను కనబడటం లేదని రోగి చెబుతుంటే పన్ను ఎందుకు తీశారు? కంటి వైద్యుడి దగ్గరకు ఎందుకు పంపలేదు? నా దృష్టిలో డాక్టరు జవాబు చెప్పుకోవలసింది వీటికే. కేసు షీటు నకలు కావాలని రాతపూర్వకంగా అడగండి. ఏ మందు, ఎంత మోతాదు, ఎన్ని గంటలకు, ఆవిడ ఏమని చెప్పారు అన్నవి అందులో ఉన్నాయేమో చూడండి. ‘పన్ను తీయడమైనది’ అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే అది మీకే లాభం. కంటి డాక్టరు చీటీ, బిల్లు జాగ్రత్త చేయండి.

ఫిర్యాదు ఆవిడ పేరుతో విశాఖ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో, రెండేళ్లలోపు వేయాలి. చెల్లించిన ఫీజు 5 లక్షల లోపే కాబట్టి కోర్టు రుసుము లేదు. చూపు పూర్తిగా వచ్చింది కనుక భారీ పరిహారం ఊహించుకోకండి. పోలీసు కేసు మాత్రం వద్దు. జాకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు తీర్పు (2005) ప్రకారం దానికి ఘోరమైన నిర్లక్ష్యం ఉండాలి.

వాళ్లు సంతకం పెట్టమంటున్న కాగితంలో ‘ఇకపై ఎలాంటి క్లెయిము లేదు’ అన్న వాక్యం ఉంటే, సంతకం తర్వాత కేసు దాదాపు ముగిసినట్టే. కేసు షీటు చేతికొచ్చేదాకా పెట్టకండి. అందులో ఆవిడను కూర్చోబెట్టి గమనించినట్టు వేళలతో సహా రాసి ఉంటే, ఫీజు తీసుకుని ఊరుకోవడమే మేలని నా సలహా.