జియోలైట్లపై పీహెచ్‌డీ చేస్తే ఉద్యోగాలుంటాయా?

ప్రశ్న: ఎమ్మెస్సీ కెమిస్ట్రీ ఆఖరి ఏడాది చదువుతున్నాను. కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకునే జియోలైట్లపై (అతిసన్నని రంధ్రాలుండే, అల్యూమినియం, సిలికాన్, ఆక్సిజన్‌లతో ఏర్పడే స్ఫటిక పదార్థాలు) పీహెచ్‌డీ చేయాలనుంది. మరీ ఇరుకైన సబ్జెక్టని ఇంట్లో వద్దంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మీవాళ్ల భయం కొట్టిపారేయాల్సింది కాదు. కార్బన్ క్యాప్చర్ ప్లాంట్లనే నమ్ముకుంటే కొలువులు ఇంకా తక్కువే. అవీ ప్రభుత్వాల విధానాలను బట్టి పెరుగుతూ తగ్గుతూ ఉంటాయి. అయితే జియోలైట్లకు అదొక్కటే పని కాదు. రిఫైనరీల్లో బరువైన నూనెలను విడగొట్టి పెట్రోలు తీసే ఉత్ప్రేరకంలో, డిటర్జెంట్ పొడిలో, ఆక్సిజన్ కాన్సంట్రేటర్లలో ఉండేవీ ఇవే. కాబట్టి అధిశోషణంలో, అంటే వాయువుల్లాంటివి ఘనపదార్థాల ఉపరితలానికి అతుక్కునే ప్రక్రియలో, గట్టి పట్టు సంపాదిస్తే తలుపులు చాలానే తెరుచుకుంటాయి.

గైడ్‌ను ఎంచుకునే ముందు ఒక్కటి కనుక్కోండి: ఆ ల్యాబులో తడి వాయువుతో పరీక్షలు చేస్తారా? ఈ రంగంలో అసలు చిక్కంతా అక్కడే ఉంది. బాగా పేరున్న 13ఎక్స్ అనే జియోలైట్ రంధ్రాల్లోకి కార్బన్ డయాక్సైడ్, నైట్రోజన్ రెండూ దూరగలవు. లోపలున్న సోడియం అయాన్లు మాత్రం కార్బన్ డయాక్సైడ్‌నే గట్టిగా ఆకర్షిస్తాయి. పొగగొట్టపు వాయువులో నీటి ఆవిరి కూడా ఉంటుంది కదా, అది ఇంకా గట్టిగా అతుక్కుని చోటంతా ఆక్రమిస్తుంది. సిలికా పాళ్లు పెంచితే నీటి బెడద తగ్గుతుంది కానీ, కార్బన్ డయాక్సైడ్‌పై పట్టూ సడలుతుంది. మంచి థీసిస్‌కు ఈ పేచీ ఒక్కటి చాలు.

బ్రేక్‌త్రూ పరీక్ష స్వయంగా చేసే అవకాశముందా అనీ అడగండి. జియోలైట్ గుళికలు నింపిన గొట్టంలోకి వాయు మిశ్రమాన్ని పంపి, అవతలి చివర కార్బన్ డయాక్సైడ్ ఎప్పుడు బయటపడుతుందో చూస్తారు. తర్వాత వేడిచేసో, పీడనం తగ్గించో గుళికలను ఖాళీ చేసి మళ్లీ వాడతారు. శక్తి ఎక్కువగా ఖర్చయ్యేది ఈ వదిలించే దశలోనే. పరిశ్రమవాళ్లు ఇంటర్వ్యూలో తవ్వేదీ దీన్నే. ఎక్స్‌రే డిఫ్రాక్షన్ (స్ఫటిక నిర్మాణాన్ని తెలిపే పరీక్ష), ఉపరితల వైశాల్యం కొలతలు ఎలాగూ వస్తాయి.

2025లో రసాయన నోబెల్ ఎంఓఎఫ్‌లకు (లోహ అయాన్లను కర్బన అణువులతో కలిపి అల్లే రంధ్రాల పదార్థాలు) దక్కాక చాలామంది చూపు అటు మళ్లింది. నా మటుకు నాకు, అది చూసి జియోలైట్లను వదిలేయడం తొందరపాటే. కొలిచే పద్ధతులు చాలావరకు రెండింటికీ ఒకటే, పైగా జియోలైట్లు సాధారణంగా చవక, వేడికి బాగా తట్టుకుంటాయి.

కెమిస్ట్రీ విభాగాలతో ఆగకుండా కెమికల్ ఇంజినీరింగ్ గైడ్లకూ రాయండి. ఈలోగా పైథాన్ కాస్త నేర్చుకోండి, ప్రాసెస్ మోడలింగ్‌కు పనికొస్తుంది.